చెడింది ఏ భాగం?

ప్రశ్న: మాది తిరుపతి. మా ఫ్రిజ్ కొని పదిహేడేళ్లయింది, ఈ మధ్య సరిగా చల్లబడడం లేదు. గీజర్ అడుగు నుంచి నీళ్లు చుక్కలుగా కారుతున్నాయి. మిక్సీ మాడు వాసన వచ్చి ఆగిపోయింది. అత్తగారు కోయంబత్తూరు నుంచి తెప్పించిన గ్రైండర్ పిండి వేయగానే ఆగుతోంది. మావారు నాలుగూ మార్చేద్దామంటున్నారు, అత్తగారు ఒక్కటీ పారేయనివ్వనంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక గృహిణి, తిరుపతి

జవాబు: మీ ఇంట్లో వాదన వస్తువుల వయసు మీద నడుస్తున్నట్టుంది. నేనైతే వయసును కాసేపు పక్కన పెట్టి, చెడిపోయింది అరగడానికే పెట్టిన చిన్న భాగమా, లేక ఆ వస్తువుకు ప్రాణమైన భాగమా అని ముందు చూస్తాను. మెకానిక్ ‘ఇది పోయిందమ్మా’ అన్నప్పుడు ఏది పోయిందో పేరు చెప్పమని, విప్పి చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

మిక్సీ సంగతే చూడండి. కొన్నేళ్ల క్రితం మా మిక్సీ ఇలాగే ఆగిపోతే, ఒక దుకాణంలో మోటారు కాలిపోయిందన్నారు. మరొకచోట విప్పించగా, మోటారుకు ఇరువైపులా ఉండే కార్బన్ బ్రష్‌లలో ఒకటి అరిగి అరిగి గోరంత మందాన మిగిలి ఉంది. జత మార్చగానే మిక్సీ తిరిగింది. ఇప్పటికీ మా ఇంట్లో చట్నీ అందులోనే. మీరు ముందుగా మిక్సీ అడుగున ఉండే ఎర్ర బటన్ నొక్కి చూడండి. బరువు ఎక్కువైనప్పుడు మోటారును కాపాడడానికి అది తనంతట తానే బయటికి వస్తుంది. అప్పటికీ తిరగకపోతే బ్రష్‌లు చూపించండి. మోటారు చుట్లే నల్లబడి ఉంటే మాత్రం, చుట్టించే కూలికి మరికొంత కలిపితే కొత్తది వస్తుందేమో లెక్క వేసుకోవాలి.

గ్రైండర్ విషయంలో నేను మీ అత్తగారి పక్షం. ఖాళీగా తిరిగి, పిండి వేస్తే ఆగుతోందంటే చాలాసార్లు తప్పు బెల్టుదే. అది సాగితే బరువు లాగలేదు. రాళ్లు నునుపెక్కి ఉంటే గంట్లు కొట్టించండి.

గీజర్‌ను మాత్రం ఈ రోజే స్విచ్ ఆపి, వాడకం మానేయండి. నీళ్లూ కరెంటూ ఒకచోట ఉన్న వస్తువు కారుతున్నప్పుడు మరమ్మతు ఖర్చు తర్వాతి మాట. కారుతున్నది పైపు బిగింపు దగ్గరో, హీటింగ్ ఎలిమెంట్ రబ్బరు దగ్గరో అయితే బాగు చేయించవచ్చు. లోపలి ట్యాంకే తుప్పు పట్టి చిల్లు పడితే అతుకు నిలవదు, మార్చవలసిందే. మన ఊళ్లో కల్యాణి డ్యామ్ నీళ్లో తెలుగుగంగ నీళ్లో కుళాయికి వచ్చే ఇళ్లున్నాయి, పూర్తిగా బోరు మీదే బతికే అపార్ట్‌మెంట్లూ ఉన్నాయి. బోరు నీటి ఉప్పు ఎలిమెంట్ మీద సున్నంలా తెల్లగా పేరుకొని, దాని వేడిని నీటికి చేరనివ్వకుండా అడ్డుపడుతుంది. ట్యాంకు గోడకు బదులుగా తాను కరిగిపోవడానికే లోపల ఒక మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. అది కరిగిపోయాక తుప్పు ట్యాంకును పట్టుకుంటుంది. కొత్తది కొంటే, ఆ కడ్డీని ఏడాదికొకసారి చూపించడం మరవకండి.

ఇక ఫ్రిజ్. తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి, లాగి చూడండి. సులువుగా జారి వచ్చిందంటే గ్యాస్కెట్ రబ్బరు వదులైందన్నమాట, దాన్ని మార్చడం చిన్న పనే. వెనుక గొట్టాల మీద దుమ్ము దులిపించండి. గ్యాస్ పోయిందంటే, అది ఎక్కడ కారిందో కనిపెట్టి మూయకుండా నింపించుకోవద్దు. కారే బిందెలో నీళ్లు పోసినట్టే అవుతుంది. ఆ గ్యాస్‌ను నొక్కి గొట్టాల్లో తిప్పే కంప్రెసరే పోతే పదిహేడేళ్ల ఫ్రిజ్ మీద నేను డబ్బు పెట్టను. ఎందుకో కరెంటు లెక్క చెబుతుంది. ఈసారి ఊరికి వెళ్లేటప్పుడు ఫ్రిజ్ ఒక్కటే నడిచేలా ఉంచి, వెళ్లేటప్పుడూ వచ్చాకా మీటర్ రీడింగ్ రాసుకోండి. రోజుకు 2 యూనిట్లు తిన్నదనుకుంటే ఏడాదికి 730. కొత్త ఫ్రిజ్‌ల స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో అచ్చు వేసి ఉంటుంది. అక్కడ 230 అని ఉంటే తేడా 500 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలనుకున్నా ఏడాదికి 3,000 రూపాయలు. ఆదా అయ్యేవి మీ బిల్లులో పై శ్లాబు యూనిట్లు కాబట్టి, రేటు కట్టేటప్పుడు సగటు కాకుండా ఆ శ్లాబు రేటే వేసుకోండి.

కొత్తది వచ్చాక పాత ఫ్రిజ్‌ను పూలకో, కూల్‌డ్రింకులకో పనికొస్తుందని వెనక గదిలో నడపడం చాలా ఇళ్లలో చూస్తుంటాను. అలా చేస్తే మీరు ఆదా చేయాలనుకున్నదంతా ఆ గదిలోనే ఖర్చవుతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇలాంటి పాత వస్తువుల రీసైక్లింగ్ బాధ్యత తయారీ కంపెనీలదే కాబట్టి, కొత్తది కొనే దుకాణంలోనే పాతది తీసుకుంటారేమో అడగండి. గొట్టాలు కోసి రాగి తీసుకునే పాత సామాన్లవాడికి వేస్తే, లోపలి గ్యాస్ అంతా గాలిలో కలిసిపోతుంది.