నారోబోట్ మీద ఒక రోజు, అమ్మానాన్నలతో వెళ్తే బోర్ కొడుతుందా?

మీ అమ్మానాన్నలు వస్తున్నారు, ఇంగ్లండ్ కాలువల్లో తిరిగే సన్నటి పొడుగాటి బోటు, అదే నారోబోట్, ఒక రోజుకి అద్దెకి తీసుకుందామనుకుంటున్నాం, నడపడం రాదు, బోర్ కొడుతుందేమో అని అడిగారు కదా. ఒక్క రోజులో నాలుగు ఊళ్లు చుట్టేద్దాం అనుకునేవాళ్లకి కచ్చితంగా కొడుతుంది. మేమైతే కిందటేడు మే నెలలో బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ అనే ఊరి నుంచి కెన్నెట్ అండ్ ఏవన్ కాలువ మీద వెళ్లాం, నేనూ మా ఆవిడా ఇద్దరు పిల్లలూ, రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మా నాన్నగారూ. సాయంత్రానికి అందరికంటే ఎక్కువ హుషారుగా ఉన్నది నాన్నగారే.

లైసెన్సు ఏమీ అడగరు. ఒకాయన ఇరవై నిమిషాలు అన్నీ చూపించి, లైఫ్ జాకెట్లు ఇచ్చి, తాళంచెవి చేతిలో పెట్టి గట్టెక్కి వెళ్లిపోయాడు, అప్పుడు మాత్రం గుండె ఝల్లుమంది. బోటు వెడల్పు ఏడడుగులే, పొడవు చూస్తే రైలు పెట్టెని నిలువునా సగం కోసి నీళ్లలో వదిలినట్టుంటుంది, పెద్దవైతే 70 అడుగులు కూడా ఉంటాయి. వెనకాల నిలబడి చుక్కాని కర్ర పట్టుకోవాలి. బోటు ఎడమకి పోవాలంటే కర్ర కుడికి తొయ్యాలి, వినడానికి తేలికే గానీ ఎదురుగా ఇంకో బోటు వచ్చేసరికి బుర్ర పనిచెయ్యదు. బ్రేకులుండవు, ఆపాలంటే రివర్స్ వెయ్యడమే. మొదటి అరగంటలో నేను రెండుసార్లు ముక్కు తీసుకెళ్లి పొదల్లో పెట్టాను, లోపల్నుంచి నాన్నగారు "ఒరేయ్ సరంగూ, కాలువ ఇటుందిరా" అని. ఎదురుగా వచ్చే బోటుకి మనం కుడి పక్కకి తప్పుకోవాలి, రోడ్డు మీద ఎడమకి అలవాటైపోయి ఇది కూడా ఒకసారి తికమకపడ్డాను.

స్పీడ్ లిమిట్ గంటకి 4 మైళ్లు, అది కూడా ఖాళీగా ఉన్నచోటే. ఈ కాలువ గట్టు పొడుగునా బోట్లలోనే కాపురాలుండేవాళ్లు చాలామంది, పైకప్పు మీద కట్టెల మోపులూ సైకిళ్లూ పూలకుండీలూ. వాళ్ల పక్కనుంచి వెళ్లేటప్పుడు ఇంజన్ బాగా తగ్గించెయ్యాలి, లేకపోతే మన అలకి వాళ్ల తాళ్లు లాగేసుకుంటాయి, లోపల టీ ఒలికిపోతుంది. నా మీద ఒకాయన కిటికీలోంచి అరిచాడు, తప్పు నాదే. ఒకచోట నాన్నగారు విసుగొచ్చి దిగి గట్టు మీద నడవడం మొదలెట్టారు, మేం వెళ్లేసరికి ముందున్న వంతెన దగ్గర కూర్చుని మాకోసం చూస్తున్నారు. ఆ గట్టు బాట ఒకప్పుడు గుర్రాలు బోట్లని లాగుతూ నడిచినది. గోదావరి కాలువల్లో మనుషులు గట్టు మీంచి తాళ్లు భుజానికేసుకుని పడవలు లాగడం తన చిన్నప్పుడు చూశానని నాన్నగారు అక్కడ చెప్పారు, నాకు అప్పటిదాకా తెలీదు.

అవాన్‌క్లిఫ్ దగ్గర కాలువ రాతి వంతెనెక్కి కింద ఏవన్ నదినీ రైలు పట్టాలనీ దాటుతుంది, అంటే మనం నీళ్ల మీద, మన కింద రైలు, దాని పక్కన నది. ఆ వంతెన మధ్య ఆర్చి కట్టిన కొత్తలోనే కాస్త కుంగిందట, గట్టు దిగి చూస్తే తెలుస్తుంది. ఇంకో మూడు మైళ్లు పోతే డండస్ అక్విడక్ట్, అంటే అలా కాలువని మోసే వంతెనే, అదీ అంతే, నదినీ రైలునీ దాటుతుంది, చూడ్డానికి ఇంకా అందంగా ఉంటుంది. ఈ కాలువ కట్టించిన ఇంజనీరు జాన్ రెన్నీ. 1810లో పూర్తయింది, రైలొచ్చాక బేరం పోయింది, 1852లో రైల్వే కంపెనీయే కొనేసింది. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిందీ 1852లోనే, అక్కడ కాలువల కాలం మొదలవుతుంటే ఇక్కడ అయిపోతోందన్నమాట. తర్వాత చాలా ఏళ్లు పాడుబడి, మళ్లీ బాగుచేసి 1990లో తెరిచారు.

డండస్ దగ్గర వెడల్పుగా ఉంటుంది, అక్కడే బోటు తిప్పేసుకోండి. వెళ్లడానికే రెండు గంటల పైన పడుతుంది, బాత్ నగరం దాకా పోదామని ఆశపడితే సాయంత్రం బోటు అప్పజెప్పే టైముకి రాలేరు. ఆ దారిలో ఒక్క లాకు (నీటి మట్టం పెంచి తగ్గించి బోటుని ఎక్కించి దించే తలుపుల గది) కూడా లేదు, బ్రాడ్‌ఫర్డ్ లాకు దాటాక బాత్ వరకూ సుమారు 9 మైళ్లు ఒకటే మట్టం. మొదటిసారికి అదే మంచిది.

లాకు చూడాలనుంటే బోటు ఇచ్చేశాక బ్రాడ్‌ఫర్డ్ లాకు దగ్గర ఓ గంట కూర్చోండి. అమ్మ చూడగానే "ఇవి మన ధవళేశ్వరం లాకులే కదరా" అంది. ఎల్ ఆకారంలో ఉండే ఇనప హ్యాండిల్‌తో చిన్న తూములెత్తి నీళ్లు వదులుతారు, రెండు పక్కలా మట్టం సమానమయ్యేదాకా ఎంతమంది తోసినా తలుపు కదలదు, సమానమయ్యాక పెద్ద దూలానికి నడుం ఆనించి నెట్టాలి. ఒక ముసలి జంట ఇద్దరే తిప్పలు పడుతుంటే నాన్నగారు అడక్కుండానే వెళ్లి దూలం పట్టుకున్నారు, భాష రాకపోయినా వాళ్లు చేతులూపితే ఈయన తోశారు, మోకాలి నొప్పి సంగతి ఆ పూటకి మర్చిపోయారు.

తిండి మీరే పట్టుకెళ్లండి, పులిహోర, ఫ్లాస్కులో టీ చాలు. గొడుగు మాత్రం దండగ, చుక్కాని పట్టుకుని గొడుగు పట్టుకోలేం, రెయిన్‌కోటు కొనుక్కోండి.