హరిత విప్లవం మీద డీబీక్యూ: మార్కులు ఎక్కడ పోతున్నాయి?

మీరు అడిగినవి రెండు. మీ అమ్మాయి మే నెలలో ఏపీ (అమెరికా కాలేజీ బోర్డు పెట్టే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) వరల్డ్ హిస్టరీ పరీక్ష రాస్తోంది. హరిత విప్లవం మీద ప్రాక్టీసుకిచ్చిన డీబీక్యూలో, అంటే ఇచ్చిన డాక్యుమెంట్ల ఆధారంగా వ్యాసం రాసే ప్రశ్నలో, డాక్యుమెంట్లన్నీ వాడినా 7కి రెండో మూడో వస్తున్నాయి, ఎందుకని? ఇక రెండోది, మన తెలుగు జిల్లాల సంగతులు బయటి ఆధారంగా రాయొచ్చా అని. నిక్షేపంగా రాయొచ్చు, అదెలాగో చివర్లో చెబుతాను. అసలు చిక్కు మొదటిదే.

ముందు మార్కుల లెక్క. థీసిస్‌కి (వ్యాసం మొత్తం నిలబడే ప్రధాన వాదన వాక్యం) 1, నేపథ్యానికి 1, డాక్యుమెంట్ల వాడకానికి 2, బయటి ఆధారానికి 1, సోర్సింగ్‌కి (ఆ డాక్యుమెంటు ఎవరు, ఎందుకు చెప్పారో వాదనకు ముడిపెట్టడం) 1, విశ్లేషణలో లోతుకి 1. డాక్యుమెంట్లు ఏడు ఇస్తారు. టైము గంట, అందులో 15 నిమిషాలు చదువుకోవడానికి. డాక్యుమెంట్లకిచ్చే 2 మార్కుల్లో మొదటిది మూడింటిలో ఏముందో సరిగ్గా చెప్పినా వచ్చేస్తుంది. రెండోది మాత్రం కనీసం నాలుగింటిని తన వాదనకు సాక్ష్యంగా నిలబెడితేనే. "డాక్యుమెంట్ 1లో ఇలా ఉంది, 2లో అలా ఉంది" అని వరసగా చెప్పుకుంటూ పోయే పిల్లలంతా ఆ మొదటి మార్కు దగ్గరే ఆగిపోతారు. ఏడో డాక్యుమెంటుకి వచ్చేసరికి గంట కొట్టేస్తారు, వాదన ఇంకా మొదలే కాదు.

అందుకని ఆ 15 నిమిషాల్లో సారాంశం రాసుకోవద్దనండి. ఒక్కో డాక్యుమెంటు పక్కన మూడు ముక్కలు చాలు: ఇది చెబుతున్నది కారణమా ఫలితమా, ఎవరు ఎవరితో అంటున్నారు, మిగతా వాటిలో దేనితో దీనికి పేచీ. ఈ మూడో ముక్క ఎవరూ రాసుకోరు, నిజానికి వ్యాసానికి ప్రాణం అదే. ప్రభుత్వ నివేదికనీ రైతు సంఘం ఫిర్యాదునీ ఒకే పేరాలో ఎదురెదురుగా కూర్చోబెట్టారంటే ఆ పేరా దానంతటదే నడుస్తుంది. పేరా మొదటి వాక్యంలో డాక్యుమెంటు నంబరు కనబడకూడదు. అక్కడ ఉండాల్సింది ఆమె సొంత మాట. డాక్యుమెంటు దాని వెనక సాక్షిగా రావాలి.

థీసిస్ విషయంలో ఈ టాపిక్ మీద దాదాపు అందరూ ఒకే వాక్యం రాస్తారు: "హరిత విప్లవం వల్ల లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి." గోడ మీద పిల్లివాటం. మార్కు రాదు, ఎందుకంటే ప్రపంచంలో దేని గురించైనా ఆ మాట అనొచ్చు. ఇలా రాయించండి: "జనాభా భయమూ ప్రచ్ఛన్న యుద్ధ రాజకీయాలూ కలిసి కొత్త విత్తనాలను వేగంగా వ్యాపింపజేశాయి. అయితే ఆ విత్తనాలకు నీరు, ఎరువు, అప్పు తప్పనిసరి కాబట్టి తిండిగింజలు పెరిగినంత సమంగా రైతుల ఆదాయాలు పెరగలేదు." ఇందులో కారణం ఉంది, ఫలితం ఉంది, రెంటినీ కలిపే "కాబట్టి" ఉంది. మూడు పేరాలూ ఆ వాక్యంలోంచే పుడతాయి.

ఆ "కాబట్టి" ఎందుకు నిలుస్తుందో అమ్మాయికి తెలియాలి, లేకపోతే బట్టీ వాక్యమవుతుంది. పాత పొడుగు రకాలకు నత్రజని ఎక్కువ వేస్తే మొక్క ఏపుగా పెరిగి, కంకి బరువుకి చేను పడిపోయేది. మెక్సికోలో పెంచిన గోధుమలూ, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో విడుదల చేసిన ఐఆర్ 8 వరీ పొట్టి రకాలు. కాడ గట్టిది, ఎరువు ఎక్కువ వేసినా నిలబడి గింజకే పెడుతుంది. అంటే దిగుబడి ఒక్క విత్తనంలో లేదు. విత్తనం, యూరియా, వేళకు నీరు, మూడూ కలిస్తేనే. కాలవ కింద పొలం ఉన్నవాడికీ, బ్యాంకు అప్పు పుట్టేవాడికీ ముందుగా అందింది. అసమానత మీద ఏ డాక్యుమెంటు ఇచ్చినా ఈ నాలుగు వాక్యాలు దాన్ని వివరిస్తాయి.

ఇప్పుడు పట్టికలు. ఉత్పత్తి అంకెలున్న పట్టిక ఒకటి ఈ టాపిక్‌లో దాదాపు ఖాయం. పిల్లలు పప్పులో కాలేసేది ఇక్కడే. అంకెల్ని ఉన్నవి ఉన్నట్టు దింపేసి "ఉత్పత్తి బాగా పెరిగింది" అంటారు. అడగాల్సింది, ఏ ఏడాదితో పోలుస్తున్నారు అని. భారతదేశంలో ఆహారధాన్యాల ఉత్పత్తి 1964-65లో సుమారు 8.94 కోట్ల టన్నులు. మరుసటి ఏడు కరువు, 7.23 కోట్లకు పడిపోయింది. 1966-67 కూడా కరువే, 7.42. వానలు పడ్డాక 1967-68లో 9.5, 1970-71కి 10.84. పట్టిక 1965-66తో మొదలైతే ఐదేళ్లలో 50 శాతం పెరిగినట్టు కనబడుతుంది. ఒక్క ఏడాది వెనక్కి జరిపి 1964-65 నుంచి లెక్కేస్తే 21 శాతమే. రెండూ నిజమే. కరువు ఏడాదిని మొదలుగా పెట్టుకున్న పట్టికలో వాన వాటా కూడా విత్తనం ఖాతాలో పడుతుంది. అమ్మాయి ఈ ఒక్క మాట రాస్తే పట్టికను చదివింది అని దిద్దేవాళ్లకు అర్థమవుతుంది.

పంటల వారీగా విడదీసినా ఇలాంటిదే బయటపడుతుంది. 1964-65 నుంచి 1970-71కి గోధుమ 1.23 కోట్ల టన్నుల నుంచి 2.38 కోట్లకు, దాదాపు రెట్టింపు. వరి 3.93 నుంచి 4.22కే. తొలి ఐదారేళ్లలో ఇది ముఖ్యంగా గోధుమ విప్లవం. 1968లో భారత ప్రభుత్వం వేసిన తపాలా బిళ్ల కూడా గోధుమ విప్లవం పేరుతోనే ఉంది. ఐఆర్ 8 బియ్యం వండితే మన నోటికి రుచించలేదు, చేనుకి సుడిదోమ, ఎండాకు తెగులు తగులుకున్నాయి. వరిలో జోరు తర్వాత వచ్చిన రకాలతోనే.

సోర్సింగ్ అంటే రచయిత పేరు, ఉద్యోగం తిరగరాయడం కాదు. "ఈయన అమెరికన్ అధికారి, కాబట్టి పక్షపాతం ఉంటుంది" అన్న వాక్యానికి ఏమీ రాదు. ఉదాహరణకి విలియం గాడ్ ప్రసంగం తీసుకోండి. 'హరిత విప్లవం' అన్న పేరు పెట్టింది ఆయనే, 1968 మార్చిలో, వాషింగ్టన్‌లో. అప్పుడాయన అమెరికా విదేశీ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్‌కి అధిపతి. ఇది సోవియట్ల ఎర్ర విప్లవం కాదు, ఇరాన్ షా శ్వేత విప్లవం కాదు, హరిత విప్లవం అన్నది ఆయన మాటల భావం. దీన్ని వ్యాసంలో ఇలా పెట్టాలి: "వియత్నాం యుద్ధం ముమ్మరంగా ఉన్న రోజుల్లో, విదేశీ సహాయం దండగ కాదని సొంత దేశం వాళ్లను ఒప్పించాల్సిన అధికారి మాట ఇది. అందుకే దిగుబడిని కమ్యూనిజానికి జవాబుగా చూపించాడు. కొత్త విత్తనాల వ్యాప్తికి ఆకలితో పాటు రాజకీయమూ కారణమన్న నా వాదనకు ఇదే బలం." ఎవరు, ఎప్పుడు, ఎవరికి, ఎందుకు, అందువల్ల నా వాదనకేమిటి. ఆ ఆఖరి ముక్క లేకపోతే మిగతావన్నీ వృథా. రెండు డాక్యుమెంట్లకి ఇలా చేస్తే మార్కు వస్తుంది. నాలుగింటికి చేస్తే లోతుకిచ్చే మార్కుకి కూడా దారి దొరుకుతుంది.

లోతు కోసం ఇంకో దారి, సమర్థకుడి నోటి నుంచే హద్దులు చెప్పించడం. మెక్సికోలో ఆ పొట్టి గోధుమలను పెంచిన శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ 1970లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నప్పుడు, ఇది ఆకలి మీద తాత్కాలిక విజయమేననీ, జనాభా అదుపు కాకపోతే నిలవదనీ హెచ్చరించాడు. ఆయన్ని 'అనుకూలం' అని ఒక గాటన కట్టేస్తే ఆ అవకాశం చేజారుతుంది.

నేపథ్యానికి మూడు నాలుగు వాక్యాలు మించొద్దు. 1943 బెంగాల్ కరువు, అదే ఏడు మెక్సికోలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ మొదలుపెట్టిన వ్యవసాయ కార్యక్రమం, పీఎల్ 480 అనే అమెరికా ఆహార సహాయ చట్టం కింద వచ్చే గోధుమల మీద భారత్ ఆధారపడటం. ఆ చివరిదాని నుంచి నేరుగా థీసిస్‌లోకి దిగొచ్చు.

ఇక మీ రెండో ప్రశ్న. బయటి ఆధారానికి షరతులు మూడు: డాక్యుమెంట్లలో లేనిదై ఉండాలి, నేపథ్యంలో వాడేసింది మళ్లీ ఇక్కడ చెల్లదు, పేరు చెప్పి వదిలేయకుండా వాదనకు ముడిపెట్టాలి. హైదరాబాద్ పిల్లలకు ఇది కలిసొచ్చే చోటు. పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ 1972లో వచ్చింది. అక్కడి పరిశోధన జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మీద, అంటే వానాధార నేలల పంటలు. "గోధుమ, వరి విత్తనాలు నీటివసతి ఉన్న నేలలకే మేలు చేశాయి, మెట్ట రైతు మిగిలిపోయాడని గుర్తించబట్టే 1972లో మెట్ట పంటలకు వేరే అంతర్జాతీయ సంస్థ పెట్టాల్సి వచ్చింది" అని రాస్తే మార్కు ఖాయంగా పడుతుంది. ఇంకొకటి, 1960-61లో మొదలైన ప్యాకేజీ ప్రోగ్రాం, అంటే ఎంచుకున్న జిల్లాల్లో రైతుకి విత్తనం, ఎరువు, అప్పు అన్నీ కలిపి అందించే ప్రభుత్వ పథకం. తొలి ఏడు జిల్లాల్లో పంజాబ్‌లోని లూథియానాతో పాటు పశ్చిమ గోదావరి కూడా ఉంది. డెల్టా కాలవల నీళ్లు ఖాయంగా అందే జిల్లా అది. కొత్త పద్ధతులు ముందు ఎక్కడికి వెళ్లాయో చెప్పడానికి అంతకంటే సూటి ఉదాహరణ దొరకదు. రాజేంద్రనగర్ వరి పరిశోధన కేంద్రం గురించి రాయాలనిపిస్తుంది గానీ, "మన దగ్గరా పరిశోధన జరిగింది" అన్నంత వరకే అయితే వదిలేయమనండి, దానికి మార్కు రాదు. దిద్దేవాళ్లు ఎక్కువగా అమెరికా వాళ్లు కాబట్టి పశ్చిమ గోదావరి అన్నాక "దక్షిణ భారతంలో కాలవల కింద వరి పండే డెల్టా జిల్లా" అని ఒక ముక్క జోడించాలి.

ప్రశ్న సోవియట్ సమష్టి సేద్యం మీదో, మెక్సికో భూసంస్కరణల మీదో వస్తే మాత్రం ఇవేవీ ఇరికించొద్దు. ప్రశ్నలో ఇచ్చిన సంవత్సరాలు, ప్రాంతం ముందు గీత గీసుకుని చూసుకోమనండి.