పాత ఫోన్‌ని సీసీ కెమెరాగా వాడొచ్చా? రెండేళ్లుగా వాడుతున్నాను, చెప్తాను

బీరువాలో ఊరికే పడున్న ఫోన్‌ని ఇంట్లో సీసీ కెమెరాలా పెట్టుకోవచ్చా, నిజంగా ఖర్చు లేకుండా అయిపోతుందా అని అడిగారు. పెట్టుకోవచ్చు. ఖర్చు మాత్రం కొద్దిగా అవుతుంది. నాకు పొడుగు చార్జింగ్ వైరు, స్టాండు, ఒక టైమర్ ప్లగ్గు, అన్నీ కలిపి వెయ్యి రూపాయల లోపే అయింది. అయితే దేనికోసం పెడుతున్నారన్నది ముందు తేల్చుకోండి. మనుషులు ఉన్న ఇంటిని చూసుకోవడానికైతే భేషుగ్గా పనికొస్తుంది. తాళం వేసిన ఇంటికి కాపలాగా అంటే నేను వద్దనే అంటాను.

మా అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది, నేను హైదరాబాద్‌లో. ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయిన కొత్తలో ఒకరోజు పొద్దున్న ఏడింటి నుంచి తొమ్మిది దాకా ఫోన్ ఎత్తలేదు. పక్కింటి పిన్నిగారిని బతిమాలి పంపిస్తే తేలిందేమిటంటే, ఫోన్ దిండు కింద ఉంది, అమ్మ పెరట్లో కరివేపాకు కోస్తోంది. ఆ రెండు గంటల టెన్షన్ తర్వాత వచ్చిన ఆలోచన ఇది.

అప్పుడు నా దగ్గరున్నది 2017 నాటి ఆండ్రాయిడ్ ఫోన్, స్క్రీన్ మూల పగిలింది. ముందు ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి, సిమ్ తీసేసి, దీనికోసమే కొత్త జీమెయిల్ తెరిచాను. పాత ఫోన్లకు సెక్యూరిటీ అప్‌డేట్లు రావు, ఇదేమో రాత్రింబవళ్లు నెట్‌లో ఉండాలి. అందుకని అందులో ఫోటోలు, బ్యాంకు యాప్‌లు, ఫోన్‌పే లాంటివి ఒక్కటి కూడా ఉంచకండి. తర్వాత ఆల్‌ఫ్రెడ్ అనే యాప్‌ని రెండు ఫోన్లలోనూ వేసి, ఒకే అకౌంట్‌తో తెరిచి, పాతదాన్ని కెమెరాగా, నాదాన్ని చూసేదిగా పెట్టాను. పది నిమిషాల పని. ఉచితంగానే నడుస్తుంది, కాకపోతే యాడ్లు వస్తాయి, బొమ్మ మరీ స్పష్టంగా ఉండదు. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు మాట్లాడుకోవచ్చు కూడా.

మీరు వంటింట్లో ఉండి గదిలో ఉయ్యాల్లో ఉన్న పాపని చూసుకోవాలనుకుంటే మాత్రం ఐపీ వెబ్‌క్యామ్ అనే యాప్ చాలు. అది చివర 8080 ఉన్న ఒక అడ్రస్ చూపిస్తుంది, అదే వైఫైలో ఉన్న ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో కొడితే వీడియో వచ్చేస్తుంది. పాస్‌వర్డ్ పెట్టడం మరిచిపోవద్దు. బయటినుంచి చూడాలని రౌటర్‌లో పోర్టు, అంటే నెట్‌లోంచి మీ ఇంటి వైఫైలోకి దారి, తెరవమని ఎవరైనా వీడియోలో చెప్తే ఆ జోలికి పోకండి.

మొదటి వారం రోజూ రాత్రి కెమెరా ఆగిపోయేది. యాప్ తప్పనుకున్నాను. కాదు, బ్యాటరీ మిగల్చడానికి ఫోనే దాన్ని నిద్రపుచ్చుతోంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేశాక సరిపోయింది.

అసలు సమస్య చార్జింగ్‌తో. చాలామంది చెప్పరు కాబట్టి నేను గట్టిగా చెప్తున్నాను. ఫోన్‌ని ఇరవై నాలుగ్గంటలూ చార్జర్‌కి తగిలించి వదిలేశాను. కిటికీ పక్కన మధ్యాహ్నం ఎండ తగిలే చోటు, పైగా మే నెల. ఒకరోజు అమ్మ ఫోన్ చేసి, "ఒరేయ్, నీ ఫోన్ వెనకాల మూత లేచింది, పూరీలా ఉబ్బింది" అంది. వీడియో కాల్‌లో చూస్తే నిజమే, మూత ఒక పక్క ఊడి సందులోంచి బ్యాటరీ కనబడుతోంది. లిథియం బ్యాటరీకి నూరు శాతం చార్జింగ్‌లోనే ఉండటం, దానికి తోడు వేడి, రెండూ పడవు. లోపల గ్యాసు చేరి ఉబ్బుతుంది. నొక్కకూడదు, గుచ్చకూడదు, చార్జింగ్ తీసేసి బట్టలకీ కర్టెన్లకీ దూరంగా పెట్టాలి. అమ్మ స్విచ్చి ఆపేసి దాన్ని పెరట్లో నీడన గచ్చు మీద పెట్టింది. తర్వాత నేనే వెళ్లి ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేసి వచ్చాను.

ఇప్పుడున్నది రెండో ఫోన్. చార్జర్‌ని టైమర్ ప్లగ్గుకి పెట్టాను, పొద్దున రెండు గంటలు, రాత్రి రెండు గంటలు కరెంటు ఇస్తుంది. కొన్ని ఫోన్లలో చార్జింగ్‌ని 80 లేదా 85 శాతం దగ్గర ఆపే సెట్టింగే ఉంటుంది, ఉంటే ముందు అది వేయండి. వెనక కవరు తీసేయండి, ఎండ తగలని గోడ చూడండి. వెనకెక్కడైనా కొంచెం ఎత్తుగా అనిపించిన ఫోన్‌ని మాత్రం ఈ పనికి వాడొద్దు.

రాత్రి పూట చీకట్లో ఏమీ కనబడదు. సీసీ కెమెరాలో ఉండే ఇన్‌ఫ్రారెడ్ లైట్లు ఫోన్‌లో ఉండవు. మా ఇంట్లో జీరో బల్బు ఎలాగూ వెలుగుతుంది కాబట్టి మనిషి కదిలితే తెలుస్తుంది, అంతే. గుమ్మానికి ఎదురుగా కూడా పెట్టకండి, వెనక వెలుతురుంటే వచ్చినవాళ్లంతా నల్లటి నీడల్లాగే ఉంటారు. గుమ్మం పక్క గోడకి పెట్టి ఏటవాలుగా తిప్పాక నాకు మొహాలు కనబడ్డాయి.

కరెంటు పోతే ఫోన్‌కి ఇబ్బంది లేదు, దానికి బ్యాటరీ ఉంది. పోయేది రౌటర్. దానికి చిన్న యూపీఎస్ దొరుకుతుంది, నేనింకా కొనలేదు. వైఫై లేని ఇల్లయితే సిమ్ డేటాతో లెక్క వేసుకోండి. ఒక ఎంబీపీఎస్ (సెకనుకి ఒక మెగాబిట్ డేటా) వీడియోకి గంటకి 450 ఎంబీ అవుతుంది, రోజుకి 1.5 జీబీ ప్లాన్ మూడు గంటల పైచిలుకులో అయిపోతుంది. కదలిక ఉన్నప్పుడే రికార్డు అయ్యేలా పెట్టుకుని, చూసినప్పుడు నిమిషం చూసి కట్టేస్తే గట్టెక్కుతుంది.

ఆ కదలిక అలర్ట్‌ల సంగతి వేరే కథ. ఒక్క పొద్దుటిపూటే నాకు నలభై దాకా వచ్చాయి. తీరా చూస్తే గోడ మీది తెలుగు క్యాలెండర్ ఫ్యాను గాలికి ఊగుతోంది. యాప్‌కి అది క్యాలెండరో మనిషో తెలియదు, బొమ్మలో మార్పు కనబడితే చాలు మోగిస్తుంది. క్యాలెండర్ తీసేయమంటే అమ్మ ఒప్పుకోలేదు, తిథి చూసుకోవద్దా అంది. చివరికి ఫోన్‌నే జరిపి, సెన్సిటివిటీ తగ్గించాను.

ఇంట్లోవాళ్లని అడగకుండా పెట్టకండి. మొదట్లో అమ్మ దాని మీద తువ్వాలు కప్పేసేది. "నేను తిన్నానో లేదో అడిగితే చెప్తాను కదరా, చూడ్డం ఎందుకు?" అని. హాల్లో మాత్రమే, పడగ్గది వైపు తిప్పను, చూసేముందు పలకరిస్తాను అని మాటిచ్చాకే కుదిరింది. దసరాకి ఆయుధపూజ రోజున తెరిస్తే హాలంతా ఎర్రగా మసకగా ఉంది. కుట్టుమిషన్‌తో పాటు దీనికీ బొట్టు పెట్టింది, సరిగ్గా లెన్స్ మీద. పక్కింటి గుమ్మం కూడా ఫ్రేములోకి రాకుండా చూసుకోండి, ఇరుగుపొరుగుతో గొడవెందుకు.

ఇక తాళం వేసిన ఇల్లంటారా? దొంగ ముందు ఎత్తుకుపోయేది ఆ ఫోన్‌నే. రెండు వేల చుట్టుపక్కల పెడితే రాత్రి కూడా కనబడే వైఫై కెమెరా వస్తుంది, దాన్ని అందనంత ఎత్తులో బిగించుకోండి. మీరు ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే ఊరెళ్లేముందు పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ గురించి మీ స్టేషన్‌లో అడగండి, తాళం వేసిన ఇళ్లపై నిఘా కోసం వాళ్లు తెచ్చిన పద్ధతి అది.