ఫోటో ముచ్చట్లు: నలుపు తెలుపు ఫోటోలో ఆకుపచ్చ ఎక్కడిది?

ప్రశ్న: మా నాన్నగారిది బ్లాక్ అండ్ వైట్ ఫోటో ఒక్కటే మిగిలింది. కాగితం పసుపెక్కింది, ఒక పక్క మరక కూడా ఉంది. దాన్ని స్కాన్ చేసి ఇంట్లోని ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌తో గ్లాసీ పేపర్ మీద తీశాను. పగలు ఎర్రగా, రాత్రి లైటు కింద ఆకుపచ్చగా కనిపిస్తోంది. గ్రేస్కేల్ పెడితే ముఖమంతా సన్నటి చుక్కలు. సంవత్సరీకానికి ఫ్రేము కట్టించాలి, టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: అమ్మా, టెన్షన్ పడకండి. మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ ఇంటి ప్రింటర్లలో మామూలే.

మామూలు ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌లో నాలుగే సిరాలు ఉంటాయి: నలుపు, సయాన్ (ఆకాశ నీలం లాంటిది), మెజెంటా (ముదురు గులాబీ లాంటిది), పసుపు. బూడిద రంగు ఉండదు. పైగా చాలా మోడళ్లలో నలుపు పిగ్మెంట్ సిరా, అంటే సన్నటి రంగు పొడి కలిపిన సిరా. అది గ్లాసీ పూతలోకి ఇంకదు, రుద్దితే చేతికి అంటుతుంది. అందుకే మీరు గ్లాసీ అని పెట్టగానే ప్రింటర్ నలుపును పక్కన పెట్టి, మిగతా మూడు రంగులూ కలిపి బూడిద తయారు చేస్తుంది. అందులో మెజెంటా కొంచెం తగ్గినా ఫోటో ఆకుపచ్చకు తిరుగుతుంది. వెలుతురు మారినప్పుడు కూడా ఆ మిశ్రమం కంటికి వేరుగా కనిపిస్తుంది. గ్రేస్కేల్‌లో చాలాసార్లు నల్ల సిరా ఒక్కటే పనిచేస్తుంది. లేత బూడిద రావాలంటే నల్ల చుక్కల్ని దూరదూరంగా చల్లాలి. నుదుటి మీద, చెంపల మీద మీకు కనిపించినవి అవే.

ముందు నాజిల్ చెక్ తీయండి, అంటే సిరా రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో చూపే గీతల పేజీ. మన వరంగల్ ఎండల్లో ప్రింటర్ కొన్నాళ్లు ఊరికే ఉంటే సిరా చల్లే హెడ్‌లో సిరా ఎండిపోతుంది. గీతల్లో ఎక్కడైనా ఖాళీ ఉంటే హెడ్ క్లీనింగ్ చేయకుండా ముందుకు పోవద్దు. తర్వాత గ్లాసీ మానేసి మెరుపు లేని మ్యాట్ ఫోటో పేపర్ తెచ్చుకోండి. ప్రింటర్ సెట్టింగ్‌లో కూడా మ్యాట్ అనే పెట్టండి, క్వాలిటీ హై పెట్టండి. మ్యాట్ మీద నల్ల సిరా కూడా పడే అవకాశం ఎక్కువ కాబట్టి నీడలు గట్టిగా వస్తాయి, రంగు తేడా తగ్గుతుంది. దండ వేసే ఫోటోకు మెరుపు అవసరమా చెప్పండి. అద్దం ఎలాగూ మెరుస్తుంది.

అప్పటికీ రంగు కనిపిస్తే, కావాలనే లేత సెపియా, అంటే గోధుమ ఛాయ, ఇవ్వండి. పాత ప్రింట్లు చాలావరకు కొంచెం గోధుమ రంగులోనే ఉంటాయి కాబట్టి కంటికి సహజంగా ఉంటుంది, వెలుతురు మారినా తేడా అంతగా తెలియదు. స్టూడియో డార్క్‌రూమ్‌లో మేము బ్రోమైడ్ పేపర్ (ఫోటో కాగితం) ముక్క మీద టెస్ట్ స్ట్రిప్, అంటే చిన్న ట్రయల్ ప్రింట్, తీసేవాళ్లం. మీరూ ముఖం భాగం మాత్రమే చిన్న చిన్నగా, ఒక్కోటి ఒక్కో సెట్టింగ్‌తో, ఒకే కాగితం మీద తీయండి. వెంటనే తేల్చేయకండి. ఆరేకొద్దీ రంగు మారుతుంది. మర్నాడు, ఫోటో పెట్టబోయే గోడ దగ్గరే నిలబడి చూడండి.

ఇక మరక సంగతి. బ్లాక్ అండ్ వైట్ ఫోటోనైనా కలర్‌లోనే స్కాన్ చేయండి, 600 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క) పెట్టండి. కలర్ స్కాన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలుంటాయి, వాటినే చానళ్లు అంటారు. పసుపు మరక నీలం కాంతిని మింగేస్తుంది కాబట్టి బ్లూ చానల్‌లో నల్లగా కనిపిస్తుంది, రెడ్ చానల్‌లో దాదాపు కనిపించదు. ఆ రెడ్ చానల్ ఒక్కటి తీసుకుని నలుపు తెలుపు చేస్తే సగం రిపేరు అయిపోయినట్టే.

ఒక్కటి బతిమాలి చెబుతున్నాను. ముఖం తెల్లగా చేయించకండి, ముడతలు చెరిపించకండి. యాప్‌లో వేస్తే కళ్లూ పెదాలూ కొత్తగా గీసి ఇస్తుంది, అది మీ నాన్నగారి ముఖం కాదు. చామనఛాయ మనిషి చామనఛాయలోనే ఉండాలి. ఈ ఒక్క ఫోటో కోసం కొత్త ప్రింటర్ కూడా కొనకండి. కానన్ జీ570, ఎప్సన్ ఎల్8180 లాంటి వాటిలో బూడిద సిరా ఉంటుంది నిజమే, కానీ అవి తరచూ ఫోటోలు తీసేవాళ్లకు.

ప్రశ్న: రామప్ప గుడిలో మదనిక శిల్పాలు తీశాను. ఫోన్‌లో బాగున్నాయి, ప్రింట్ తీస్తే నల్లటి ముద్ద.
– ఒక డిగ్రీ విద్యార్థి, ములుగు

జవాబు: తమ్ముడూ, 1213 నాటి ఆ గుడికి ఎర్రటి ఇసుకరాయి, ఆ శిల్పాలకు నున్నగా మెరిసే నల్లరాయి. ఫోన్ తెర తనే వెలుగుతుంది, కాగితం వెలగదు. తెర వెలుతురు సగానికి తగ్గించి చూడు, ప్రింట్ ఎలా వస్తుందో కొంత తెలుస్తుంది. ఎడిటింగ్‌లో షాడోస్ మాత్రమే పెంచు, మొత్తం బ్రైట్‌నెస్ పెంచితే రాయి నునుపు పోయి బూడిద పూసినట్టు అవుతుంది. నలుపు తెలుపు చేసేటప్పుడు ఎరుపు స్లైడర్ పైకి జరుపు. వెనక ఇసుకరాయి లేతబడుతుంది, నల్ల శిల్పం దాని మీద విడిగా నిలబడుతుంది. మెడలో హారం, చేతుల గాజులు అప్పుడు కనిపిస్తాయి.

ప్రశ్న: ఇంట్లో తీసిన ప్రింట్ ఎన్నాళ్లుంటుంది?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: సిరాను బట్టి, పెట్టిన చోటును బట్టి ఉంటుంది. కంపెనీ సిరానే పోయండి. ఒక రోజంతా ఆరనిచ్చాకే ఫ్రేములో పెట్టండి. చుట్టూ మౌంట్ అట్ట వేయించండి, ఫోటో అద్దానికి తగలకూడదు. ఎండ పడే గోడ వద్దు. స్కాన్ ఫైలు రెండు చోట్ల దాచుకోండి, ప్రింట్ వెలిసిపోతే మళ్లీ తీసుకోవచ్చు.