మొదటి రోజు ఓపీలో ఏం అడుగుతారు?

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. రెండు నెలలుగా సరిగా నిద్రపోడు, ఎవరితోనూ మాట్లాడడు. చినవాల్తేరు మానసిక ఆసుపత్రి ఓపీకి తీసుకెళ్దామనుకుంటున్నాం. అక్కడ ఏం అడుగుతారు? నేను పక్కనే ఉండొచ్చా?
– ఒక అక్క, గాజువాక

జవాబు: కాసేపు ఉండొచ్చమ్మా. తర్వాత మిమ్మల్ని బయట కూర్చోమంటే నొచ్చుకోకండి. తాగుడు అలవాటు, చనిపోవాలన్న ఆలోచన అక్క ఎదుట చెప్పడు. ఆ ఆలోచన గురించి సూటిగానే అడుగుతారు. అడిగితే కొత్తగా పుట్టుకొస్తుందన్నది ఉత్త భయం.

డిప్రెషన్ (కుంగుబాటు) ఎంతుందో చూసే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల కాగితం ఇవ్వొచ్చు. గత 2 వారాల గురించి 9 ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. 10 దాటినంత మాత్రాన జబ్బు ఖాయం కాదు. తొమ్మిదో ప్రశ్న మాత్రం చావు ఆలోచన గురించి. మొత్తం తక్కువున్నా దాన్ని వదలకూడదు.

ఇంట్లోవాళ్లు తరచూ మరిచేది ఒకటుంది: ఇదివరకెప్పుడైనా రోజుల తరబడి నిద్రలేకుండా హుషారుగా తిరిగాడా, డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెట్టాడా? తప్పక చెప్పండి. అది బైపోలార్ (ఉద్రేకం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు) అయితే డిప్రెషన్ మాత్ర ఒక్కటే వాడితే ఉద్రేకం ఎగదన్నవచ్చు.

వాడుతున్న మందుల స్ట్రిప్పులే తీసుకెళ్లండి. "తెల్ల బిళ్ల" అంటే ఎవరికీ అర్థం కాదు. థైరాయిడ్ రిపోర్టుంటే అదీ. ఈలోగా చచ్చిపోతానంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. సలహాకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416.