అమ్మతో సఫారీకి అమ్మ ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. నైరోబీలో ఉద్యోగం. ఆగస్టులో అమ్మ (68 ఏళ్లు) నా దగ్గర మూడు వారాలు ఉండటానికి రావాలనుకుంటోంది. టికెట్ ఇంకా కొనలేదు. మసాయి మారాలో (కెన్యాలోని వన్యప్రాణుల అభయారణ్యం) మూడు రాత్రుల సఫారీకి ఇద్దరికీ కలిపి 3,400 డాలర్లు అడుగుతున్నారు. నా దగ్గర సగమే ఉంది. అమ్మ తన ఎఫ్‌డీ తీసేయమంటోంది. అన్నయ్యేమో దండగ ఖర్చు అంటున్నాడు. పర్సనల్ లోన్ తీసుకోనా?

జవాబు: అమ్మ ఎఫ్‌డీ ముట్టుకోకండి. ఈ వయసులో అది ఆవిడ ఆసుపత్రి డబ్బు. లోన్ కూడా వద్దు. మీరు వర్క్ పర్మిట్ మీద ఉన్నారు. రేపు ఉద్యోగం పోతే ఇంటికి తిరిగి రావడానికే డబ్బు కావాలి, అప్పుడు నెత్తిమీద వాయిదాలు ఉండకూడదు. అలాగని సఫారీ మానుకోమనను. 68 ఏళ్ల మనిషిని 'వచ్చే ఏడాది చూద్దాం' అని ఆపడం నాకు నచ్చదు. చేతిలో ఉన్న సగంతోనే వెళ్లే దారి చూద్దాం.

ముందు నెల మార్చండి. మారాలో విదేశీయులకు ప్రవేశ రుసుము జనవరి నుంచి జూన్ వరకు రోజుకు 100 డాలర్లు, జులై 1 నుంచి డిసెంబరు దాకా 200. మూడు రోజులకు అమ్మ ఒక్కరికే ఆగస్టులో 600, జూన్‌లో 300. జూన్‌లో వైల్డెబీస్టుల (జింకల కుటుంబాన్ని పోలిన పెద్ద జంతువులు) మహా వలస మారా దాకా రాకపోవచ్చు. కానీ సింహాలు, ఏనుగులు, జిరాఫీలు ఏడాదంతా అక్కడే ఉంటాయి. మొదటిసారి చూసే అమ్మకు ఆ తేడా పెద్దగా తెలియదు.

రెండోది, మీ కొటేషన్‌లో మిమ్మల్ని కూడా టూరిస్టుగానే లెక్కేశారేమో అడగండి. కెన్యా ఏలియన్ కార్డు (అక్కడ నివసించే విదేశీయుల గుర్తింపు కార్డు) ఉన్నవాళ్లకు పార్కు రుసుము చాలా తక్కువ. చాలా లాడ్జీల్లో రెసిడెంట్ రేటు వేరుగా ఉంటుంది, కానీ నోరు తెరిచి అడిగితేనే ఇస్తారు. మూడు రాత్రులను రెండు చేయండి. ప్యాకేజీలో బెలూన్ సవారీ ఉంటే తీసేయండి. మనిషికి 450 డాలర్ల పైమాటే, పైగా దిగేటప్పుడు తగిలే కుదుపు మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు మంచిది కాదు.

ఒక్కచోట మాత్రం పిసినారితనం వద్దు: బండి. నలుగురితో పంచుకునే వ్యాన్ చవకే. కానీ నైరోబీ నుంచి నారోక్ మీదుగా అయిదారు గంటల ప్రయాణం. అమ్మ బాత్రూమ్‌కి ఆగమని అడగడానికే మొహమాటపడుతుంది. మీ ఇద్దరికే బండి పెట్టుకోండి. అప్పుడు ఆవిడ చెప్పినచోట ఆగుతారు, అలసిపోతే సాయంత్రం రౌండ్ మానేస్తారు.

డబ్బంతా మీ కెన్యా ఖాతా నుంచే కట్టండి. ఇండియాలో అమ్మ పేరున ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. అది వెనక్కి రావాలంటే ఆవిడ రిటర్ను వేయాలి. లేనిపోని టెన్షన్.

ఇక అన్నిటికంటే ముందు తేల్చాల్సింది ఎల్లో ఫీవర్ టీకా. కెన్యా నుంచి ఇండియాలో దిగేవాళ్ల దగ్గర ఆ సర్టిఫికెట్ లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. అయితే 60 దాటినవాళ్లకు తీవ్రమైన దుష్ప్రభావాల ముప్పు కొంచెం ఎక్కువ. డాక్టరు సరేనన్నాకే విమానం టికెట్ కొనండి. ముందే కొన్నాక ఆయన టీకా వద్దంటే ఆ డబ్బు మునిగినట్టే.

ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో బీపీ, షుగర్ ఉంటే దాచకండి. దాచిన జబ్బుకు క్లెయిమ్ రాదు. ఎమర్జెన్సీలో విమానంలో తరలించే ఖర్చు పాలసీలో ఉందో లేదో చూడండి. లేకపోతే 1957 నుంచి పనిచేస్తున్న ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ (ఎయిర్ అంబులెన్స్ సంస్థ) కవర్ తీసుకోండి. అడవి మధ్యలో ఛాతీ నొప్పి వస్తే అయిదు గంటల రోడ్డు మీద ఆశ పెట్టుకోలేం.

ఇంతా చేసి డాలర్లు చాలకపోతే మారా వదిలేయండి, బాధ లేదు. నైరోబీ నేషనల్ పార్కు ఊరి అంచునే ఉంది. సింహం, ఖడ్గమృగం ఒక్క పూటలో కనిపించవచ్చు. అందులో ఏనుగులు లేవు కాబట్టి షెల్డ్రిక్ ట్రస్టులో అనాథ ఏనుగు పిల్లలు పాలు తాగే సమయానికి అమ్మను తీసుకెళ్లండి. మరో రోజు నైవాషా సరస్సులో పడవ ఎక్కితే నీటి గుర్రాలు కనిపిస్తాయి. అన్నీ కలిపినా అప్పు అవసరం రాదు.

ఆ ఇన్సూరెన్స్ ప్రీమియం మీ అన్నయ్యను కట్టమనండి. ఆయన 'దండగ' అనడం వెనక ఉన్నది అమ్మ ఆరోగ్యం గురించిన భయమే అయితే, ఆ రసీదు చేతికొచ్చాక కొంత తగ్గుతుంది.