అమ్మ పేరు రెండు రకాలుగా ఉంటే గ్రీన్‌కార్డు ఆగుతుందా?

ప్రశ్న: నేను అమెరికాలో హెచ్-1బి వీసా మీద ఉద్యోగం చేస్తున్నాను. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. 1981లో ఇంట్లోనే పుట్టాను. 2014 నాటి ప్రయారిటీ డేటుతో (గ్రీన్‌కార్డు వరుసలో నా స్థానాన్ని నిర్ణయించే తేదీ) 2020 అక్టోబరులో గ్రీన్‌కార్డు కోసం ఐ-485 దరఖాస్తు వేసి, ఇప్పటికీ ఎదురుచూస్తున్నాను. ఈమధ్య ఇమిగ్రేషన్ శాఖ నుంచి అదనపు ఆధారాలు పంపమని నోటీసు వచ్చింది. నా జనన ధ్రువీకరణ పత్రం 2013లో ఆలస్యంగా నమోదైంది కాబట్టి అది ఒక్కటే చాలదట. పైగా అందులో అమ్మ పేరు లక్ష్మమ్మ అని, నా పాస్‌పోర్టులో మహాలక్ష్మి అని ఉంది. మేము ఇల్లు మారడం వల్ల ఆ నోటీసు నా చేతికి వచ్చేసరికే మూడు వారాలు గడిచాయి. ఇదే సమయంలో అమ్మకు గుంటూరులో గుండె ఆపరేషన్ చేయాలంటున్నారు. నా వీసా స్టాంపింగ్ (అమెరికాలోకి తిరిగి రావడానికి పాస్‌పోర్టులో ఉండే వీసా) గడువు ఎప్పుడో ముగిసింది, అడ్వాన్స్ పెరోల్ (దరఖాస్తు నడుస్తుండగా విదేశానికి వెళ్లి తిరిగి రావడానికి ముందస్తు అనుమతి) మళ్లీ తీసుకోలేదు. పాత తేదీతో, సరైన పేర్లతో కొత్త జనన పత్రం వారంలో తెప్పించే మనిషి ఉన్నాడని మా బావమరిది అంటున్నాడు. ఏం చేయమంటారు?

— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: మీరు చివర అడిగినదానికి ముందుగా జవాబు చెబుతాను. ఆ మనిషిని దయచేసి దగ్గరికి రానివ్వకండి. 2020లో మీరు ఇచ్చిన పత్రం నకలు మీ ఫైలులో ఉంది. ఇప్పుడు అంతకంటే పాత తేదీతో మరొకటి పంపితే, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే అధికారికి మొదట కలిగేది మోసం జరిగిందన్న అనుమానమే. తప్పుడు పత్రంతో లబ్ధి పొందజూశారని తేలితే, అమెరికా ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం ఆ అనర్హత కొన్నేళ్లతో తీరిపోదు, జీవితాంతం వెంటాడుతుంది. నిజానికి మీ దగ్గరున్న పత్రంలో దాచవలసిన దోషమేమీ లేదు. దానికి తోడుగా మరికొన్ని ఆధారాలు కావాలని మాత్రమే వాళ్లు అడుగుతున్నారు.

ఇక గడువు సంగతి. ఇలాంటి నోటీసుకు ఇవ్వగలిగిన గరిష్ఠ వ్యవధి 12 వారాలు, తపాలాలో వచ్చినదానికి మరో మూడు రోజులు. మీ నోటీసు మీద ముద్రించిన గడువు తేదీయే చివరి తేదీ, దానిని పొడిగించరు. ఆ లెక్క నోటీసు పంపిన రోజు నుంచి మొదలవుతుంది కాబట్టి, పోయిన మూడు వారాలు పోయినట్టే. అడిగినవన్నీ ఒకేసారి పంపాలన్నది మరో నియమం. సగం ఇప్పుడు పంపి మిగతావి తర్వాత పంపుదామనుకుంటే, ఉన్నవాటి మీదే నిర్ణయం తీసుకోమని మీరు కోరినట్టుగా భావిస్తారు. 2020 నాటి వైద్య పరీక్షను మళ్లీ చేయించమని కూడా అడిగి ఉంటే, సివిల్ సర్జన్ (ఇమిగ్రేషన్ శాఖ గుర్తింపు ఉన్న అక్కడి డాక్టరు) సీలు వేసి ఇచ్చిన కవరును తెరవకుండా ఆ పార్శిల్లోనే పెట్టండి.

1981లో మన పల్లెల్లో ఇంట్లో పుట్టిన బిడ్డ పేరు రికార్డుకు ఎక్కకపోవడం వింతేమీ కాదు. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చినా, ఆస్పత్రిలో కాన్పు కానిచోట ఇంటివాళ్లలో ఎవరో ఒకరు పనిగట్టుకుని వెళ్లి చెబితేనే ఆ జననం పుస్తకంలోకి వచ్చేది. అమెరికాలో కూర్చున్న అధికారికి ఈ సంగతి తెలియదనుకుని, కవరింగ్ లెటరులో రెండు మూడు వాక్యాల్లో వివరించడం మంచిది. ఏడాది దాటిన జననాన్ని మేజిస్ట్రేటు విచారణ చేసి ఉత్తర్వు ఇచ్చాకే నమోదు చేయాలని ఆ చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. అందుకని 2013లో మీ విషయంలో వచ్చిన ఉత్తర్వు నకలు కోసం ఇంటివాళ్లను ఈ వారమే పంపండి. మనవాళ్లు జనన పత్రాన్ని బీరువాలో పెట్టి, దాని వెనకున్న ఆ ఒక్క కాగితాన్ని పారేస్తారు. పత్రం ఊరికే పుట్టలేదని, దాని వెనక ప్రభుత్వ విచారణ ఉందని చూపించేది ఆ ఉత్తర్వే.

దానితో పాటు పదో తరగతి సర్టిఫికెట్టు, మీరు మొదట చేరిన బడి అడ్మిషన్ రిజిస్టరులో మీ పేరున్న పేజీ నకలు హెడ్‌మాస్టరు సంతకంతో, ముద్రతో తెప్పించుకోండి. తర్వాత ఇద్దరి అఫిడవిట్లు కావాలి. మీరు పుట్టిన రోజుల్లో ఆ ఇంట్లోనో పక్కింట్లోనో ఉండి, ఆ సంగతి స్వయంగా ఎరిగిన మేనత్తో పెద్దమ్మో అయితే మేలు. వాళ్ల పూర్తి పేరు, చిరునామా, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, మీతో బంధుత్వం, మీ పుట్టుక గురించి వాళ్లకు ఎలా తెలుసో అన్నీ అందులో ఉండాలి. వాళ్లకు ఇంగ్లీషు రాకపోతే, రాని ఇంగ్లీషులో టైపు చేయించి వేలిముద్ర వేయించకండి. వాళ్ల మాటల్లోనే తెలుగులో రాయించి, పూర్తి ఇంగ్లీషు అనువాదం జతచేసి, తనకు రెండు భాషలూ వచ్చునని, అనువాదం సంపూర్ణంగా, సరిగా ఉందని అనువాదకుడు సంతకం చేస్తే సరిపోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మన బళ్లలో వయసు సరిపోవాలని పంతులుగారు తోచిన తేదీ వేయడం ఆ రోజుల్లో మామూలే. పెద్దలకు గుర్తున్న తిథీ, బడిలో వేసిన తేదీ వేరైతే, అఫిడవిట్ రాయించకముందే ఆ సంగతి మీ లాయరుకు చెప్పండి. పెద్దవాళ్ల చేత మాత్రం అబద్ధపు ప్రమాణం చేయించకండి.

అమ్మ పేరు విషయంలో మీరు అంత కంగారు పడనవసరం లేదు. మహాలక్ష్మి అని పేరు పెట్టుకుని ఊరంతా లక్ష్మమ్మా అని పిలిచే అమ్మలు మన ఊళ్లలో ఎందరో. ఇద్దరూ ఒక్కరేనని అమ్మ ఒక అఫిడవిట్ ఇచ్చి, రెండు పేర్లలో ఏదో ఒకటి కనిపించే ఆధార్, ఓటరు కార్డు, పట్టాదారు పాస్‌పుస్తకం వంటివి జతచేస్తే చాలామటుకు సరిపోతుంది. జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ కింద రిజిస్ట్రారు చేత పేరు సవరణ చేయించుకునే మార్గమూ ఉంది. పాత నమోదును చెరపకుండా మార్జిన్‌లో సవరణ రాస్తారు కాబట్టి అది పూర్తిగా న్యాయమైనదే. అయితే గడువులోగా పూర్తవుతుందన్న ధీమాతో దానికోసం జవాబును ఆపకండి.

ఇవన్నీ పంపగానే కార్డు వస్తుందనుకోకండి. ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డుకు ఇచ్చే ఉపాధి ఆధారిత వీసాలు ఏడాదికి దాదాపు 1,40,000, అందులో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికైనా దక్కేది మామూలుగా 7 శాతమే. అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా ప్రకటించే వీసా బులెటిన్‌లో మీ ప్రయారిటీ డేటు వచ్చేవరకు, ఆధారాలు ఎంత పక్కాగా ఉన్నా ఫైలు కదలదు.

చిరునామా మార్పును తపాలా కార్యాలయానికి చెబితే చాలదు. ఇల్లు మారిన 10 రోజుల్లోగా ఏఆర్-11 అనే చిరునామా మార్పు ఫారం ద్వారా ఇమిగ్రేషన్ శాఖకు తెలపడం చట్టం విధించిన బాధ్యత. ఇప్పటికీ చేయకపోతే ఈ రోజే చేసి, మీ కేసు నంబరు మీదా, మీ భార్యాపిల్లల కేసుల మీదా కొత్త చిరునామా మారిందో లేదో చూసుకోండి.

ప్రయాణం గురించి నేను తేలికగా మాట్లాడలేను. ఆపరేషన్ బల్ల మీద అమ్మ ఉండగా కాగితాల కోసం ఆగమని చెప్పడం ఎవరికైనా కష్టమే. హెచ్-1బి హోదాలో ఉండి, చెల్లుబాటయ్యే హెచ్-1బి వీసాతో అదే ఉద్యోగానికి తిరిగివస్తే ఐ-485కు భంగం రాదు. కానీ మీకు స్టాంపింగ్ లేదు కాబట్టి హైదరాబాదు కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ దొరికేవరకు అక్కడే ఉండిపోవలసి వస్తుంది. అందుకని బయలుదేరేముందు ఇమిగ్రేషన్ శాఖ ఫోను కేంద్రానికి మాట్లాడి, అత్యవసర అడ్వాన్స్ పెరోల్ కోసం మీ ప్రాంతపు ఫీల్డ్ ఆఫీసులో అపాయింట్‌మెంట్ అడగండి. నింపిన ఐ-131 (పెరోల్ దరఖాస్తు ఫారం), ఫొటోలు, ఐ-485 రసీదు, పాస్‌పోర్టు నకలు, రోగి పేరు, జబ్బు, ఆపరేషన్ తేదీ స్పష్టంగా రాసిన డాక్టరు లేఖ వెంట ఉండాలి. ఆ లేఖలోని రోగి మీ అమ్మేనని చూపించాల్సింది మళ్లీ ఆ జనన పత్రంతోనే. ఆస్పత్రిలో పేరు లక్ష్మమ్మ అని రాయించారో మహాలక్ష్మి అని రాయించారో ఈ రాత్రే ఫోను చేసి కనుక్కోండి. ఆపరేషన్‌కు ముందే, ఆవిడ ఓపికగా కూర్చున్న సమయం చూసి ఆ అఫిడవిట్ మీద సంతకం తీసుకోమని ఇంటివాళ్లకు చెప్పండి. నోటీసుకు జవాబు పార్శిల్ లాయరు చేతికి అప్పగించి, పెరోల్ కాగితం మీ చేతికి వచ్చాక విమానం ఎక్కండి.